బోస్ఫరస్ జలసంధి: భారతదేశపు సరుకు నిజంగా ఈ దారినే వెళ్లేదా?

ప్రశ్న: గౌతమి గట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలోని ఒక జూనియర్ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. మన పాఠ్యపుస్తకాల్లోనూ పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ఒక వాక్యం ఏళ్ల తరబడి మారకుండా వస్తోంది. 1453లో ఒట్టోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను (ఇప్పటి ఇస్తాంబుల్) ఆక్రమించడంతో భారతదేశానికీ యూరప్‌కూ మధ్య వర్తక మార్గం మూసుకుపోయిందనీ, ఆ కారణంగానే పోర్చుగీసువారు సముద్ర మార్గం వెతుక్కున్నారనీ ఆ వాక్యం చెబుతుంది. నేను కూడా ఆ మాటే పాఠంగా చెబుతూ వచ్చాను.

ఈ ఏడాది ఒక విద్యార్థిని పటం దగ్గరకు వచ్చి, బోస్ఫరస్ జలసంధి ఉత్తరాన ఉన్న నల్ల సముద్రం నుంచి దక్షిణాన ఉన్న మర్మరా సముద్రానికి దిగుతోంది కదా, మన మిరియాలు తూర్పు నుంచి పడమరకు పోవాలి కదా, మరి ఆ సరుకు ఈ సన్నని నీటిదారిలోకి ఎందుకు వస్తుందని అడిగింది. ఆలోచిస్తే ఆ ప్రశ్నలో న్యాయం ఉందనిపించింది. మిరియాలు ఈ దారిన వెళ్లకపోతే మరి ఏ సరుకు వెళ్లేది? ఇన్ని రాజ్యాలు ఈ జలసంధి కోసం ఇన్ని శతాబ్దాలు ఎందుకు పోరాడాయి? నగరం అవతలి ఒడ్డున కాకుండా యూరప్ ఒడ్డునే ఎందుకు వెలిసింది? తెలిసినవారు కొంచెం విస్తారంగా రాస్తే పిల్లలకు చదివి వినిపిస్తాను.

సమాధానం 1: పాత పాఠాలు

గౌతమి గట్టు గారికి నమస్కారం. చరిత్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసినవాణ్ని. మీ విద్యార్థిని అడిగింది సరైన ప్రశ్న. ఆ వాక్యాన్ని పాఠ్యపుస్తకాల నుంచి తీసేయాలని, లేదా కనీసం సరిదిద్దాలని నేను చాలాకాలంగా కోరుకుంటున్నాను.

పదిహేనో శతాబ్దంలో మిరియాలు, దాల్చిన చెక్క, లవంగాలు యూరప్ చేరిన ప్రధాన మార్గం ఎర్ర సముద్రం. మలబారు తీరంలో ఎక్కిన సరుకు ఏడెన్, జిద్దాల మీదుగా ఈజిప్టు చేరి, కైరో నుంచి అలెగ్జాండ్రియా రేవుకు దిగి, అక్కడ వెనిస్ వర్తకుల ఓడలెక్కేది. మరో దారి పర్షియన్ గల్ఫ్ నుంచి సిరియా మీదుగా మధ్యధరా తీరానికి పోయేది. ఈ రెండు దారుల చివరి మజిలీలూ 1453లో ఒట్టోమన్ల చేతిలో లేవు, ఈజిప్టు మమ్లూక్ సుల్తానుల చేతిలో ఉన్నాయి. ఒట్టోమన్లు సిరియాను, ఈజిప్టును గెలుచుకున్నది 1516, 1517 సంవత్సరాల్లో. వాస్కోడగామా అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1498లో, కాలికట్ చేరాడు. పోర్చుగీసువారు ఆఫ్రికా వైపు అడుగులు వేయడమైతే 1415లో స్యూటాను పట్టుకున్ననాటి నుంచే మొదలైంది. కనుక కాన్‌స్టాంటినోపుల్ పతనం కారణంగా భారతదేశపు దారి మూతపడిందన్న మాట తేదీల ముందే నిలవదు.

అయితే ఆ వాక్యం పుట్టడానికి కొంత ఆధారం లేకపోలేదు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో మంగోలు రాజ్యాలు బలంగా ఉన్నప్పుడు ఆసియా సరుకు కొంత అజోవ్ సముద్రం ఒడ్డున ఉన్న తానా రేవుకు, నల్ల సముద్రం దక్షిణ తీరాన ఉన్న ట్రెబిజాండ్‌కు వచ్చి, జెనోవా, వెనిస్ ఓడల్లో బోస్ఫరస్ దాటిన మాట నిజం. మంగోలు రాజ్యాలు చీలిపోయాక ఆ వర్తకం చాలావరకు సన్నగిల్లింది. 1453 నాటికి అది ప్రధాన మార్గం కాదు.

మరి బోస్ఫరస్ మోసిన సరుకు ఏమిటంటే, మొట్టమొదట చెప్పవలసింది తిండిగింజలు. క్రీస్తుపూర్వం అయిదు, నాలుగు శతాబ్దాల్లో ఏథెన్స్ నగరం తన పొలాల్లో పండిన దానితో బతకలేక క్రిమియా పరిసరాల గోధుమ మీద ఆధారపడింది. ఆ ఓడలన్నీ బోస్ఫరస్‌నూ, దానికి దిగువనున్న డార్డనెల్స్ జలసంధినీ దాటి రావలసిందే. క్రీస్తుపూర్వం 405లో డార్డనెల్స్‌లోని ఈగోస్పొటామి దగ్గర స్పార్టా సేనాని లైసాండర్ ఏథెన్స్ నౌకాబలాన్ని తుడిచిపెట్టి ధాన్యపు దారిని చేజిక్కించుకున్నాక, మరుసటి ఏడాదే ఆకలికి తాళలేక ఏథెన్స్ లొంగిపోయింది. గింజల తరువాత ఉప్పుచేప, కలప, తోళ్లు, మైనం, వీటన్నిటితో పాటు బానిసలు. ఈజిప్టును ఏలిన మమ్లూకుల సైన్యం నల్ల సముద్రానికి ఉత్తరాన కొనుక్కొచ్చిన కిప్చాక్, సర్కాసియన్ జాతుల కుర్రవాళ్లతోనే తయారయ్యేది. ఆ కుర్రవాళ్లను తెచ్చే ఓడలు ఈ జలసంధిలో ఆగకుండా సాగడానికి కాన్‌స్టాంటినోపుల్‌ను ఏలిన బైజాంటైన్ చక్రవర్తికీ మమ్లూక్ సుల్తాన్‌కూ మధ్య ఒప్పందాలే జరిగాయి. మిరియాల దారిని కాపలా కాసిన సైనికులు బోస్ఫరస్ మీదుగా వచ్చారు, మిరియాలు మాత్రం ఆ దారిన రాలేదు. పిల్లలకు ఇది చెబితే పటం వెంటనే అర్థమవుతుంది.

కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహ్మద్ ఈ సంగతి బాగా తెలిసినవాడు. ముట్టడికి ముందటి ఏడాది, 1452లో, జలసంధి అత్యంత ఇరుకుగా సుమారు 700 మీటర్ల వెడల్పుతో ఉన్నచోట యూరప్ ఒడ్డున రుమేలీ హిసార్ కోటను నాలుగైదు నెలల్లోనే కట్టించాడు. మూడు పెద్ద బురుజుల బాధ్యతను ముగ్గురు వజీర్లకు పంచాడు. ఎదురుగా ఆసియా ఒడ్డున అతని ముత్తాత బయజీద్ కట్టించిన అనదోలు హిసార్ అప్పటికే ఉంది. నీటి మట్టానికి దగ్గరగా ఫిరంగులు పెట్టించి, పోయే ప్రతి ఓడా ఆగి సుంకం కట్టాలని ఆజ్ఞాపించాడు. ఆ నవంబరులో ఆగకుండా పోబోయిన వెనిస్ ఓడను ఒక రాతిగుండు ముంచేసింది. దాని కెప్టెన్ ఆంటోనియో రిజ్జోకు మరణశిక్ష పడింది. నగరానికి నల్ల సముద్రపు గోధుమ ఆనాటితో ఆగిపోయింది. 1453 మే 29న గోడలు కూలడానికి ఆరు నెలల ముందే నగరం గొంతు మీద చెయ్యి పడిందన్నమాట.

అందుచేత, 1453తో మూసుకుపోయింది జెనోవా, వెనిస్ వర్తకుల నల్ల సముద్రపు తలుపు. క్రిమియాలోని జెనోవా వలస కాఫా 1475లో ఒట్టోమన్ల వశమయ్యాక ఆ సముద్రం పూర్తిగా వారి చెరువైపోయింది. 1774లో క్యుచుక్ కైనార్జీ సంధితో రష్యా వాణిజ్య నౌకలకు దారి దొరికేదాకా ఆ తలుపు మళ్లీ సరిగా తెరుచుకోలేదు.

నగరం యూరప్ ఒడ్డునే ఎందుకు వెలిసిందన్నది మీ చివరి ప్రశ్న. గ్రీకులు ముందు ఊరు కట్టుకున్నది ఆసియా ఒడ్డునే, ఇప్పటి కాదికొయ్ ప్రాంతంలోని కాల్సిడాన్‌లో. పదిహేడేళ్ల తరువాత ఎదురుగా బైజాంటియం (తరువాతి కాన్‌స్టాంటినోపుల్) వెలసిందని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. అంత మంచి స్థలం కళ్లెదుట ఉండగా ఇటు కట్టుకున్న కాల్సిడాన్‌వారు గుడ్డివారై ఉండాలని మెగబజస్ అనే పర్షియన్ సేనాని అన్నాడట. అందులోని మంచి ఏమిటో రెండో శతాబ్దపు (క్రీస్తుపూర్వం) చరిత్రకారుడు పొలిబియస్ చక్కగా విప్పి చెప్పాడు. ఉత్తరం నుంచి దిగే ప్రవాహం ఒక ఒడ్డుకు కొట్టుకుని మరో ఒడ్డుకు మళ్లుతూ, చివరకు ఓడను బైజాంటియం మొన దగ్గరకు తానే తెచ్చి దింపుతుంది. అదే ప్రవాహం కాల్సిడాన్‌కు పోదలచినవాణ్ని పక్కకు తోసేస్తుంది. చేపలు కూడా ఆ ప్రవాహం వెంటే గోల్డెన్ హార్న్ అనే పక్కపాయలోకి చేరేవి. ఈ నీటి సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

సమాధానం 2: కెరటాల లెక్క

పాత పాఠాలు మాస్టారు ఆపినచోట నుంచి అందుకుంటాను. నేను సముద్ర విజ్ఞానంలో పనిచేస్తున్నాను. మా చదువులో బోస్ఫరస్‌కు ప్రత్యేకమైన చోటుంది, ఎందుకంటే సముద్రపు లోపలి ప్రవాహాన్ని మనిషి మొట్టమొదట కొలిచి, కారణం కనిపెట్టి, ప్రయోగం చేసి నిరూపించినది ఇక్కడే.

ముందు కొలతలు. జలసంధి పొడవు సుమారు 30 కిలోమీటర్లు. వెడల్పు ఇరుకైనచోట 700 మీటర్లు, ఉత్తర ముఖద్వారం దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా. లోతు మెట్టలున్నచోట్ల తక్కువే గానీ, కందిల్లీ, బెబెక్ మధ్య 110 మీటర్ల దాకా దిగుతుంది. నల్ల సముద్రంలోకి డాన్యూబ్, ద్నీపర్, డాన్ వంటి పెద్ద నదుల నీరు చేరుతుంది, ఆవిరయ్యే నీటి కన్నా వచ్చే నీరు ఎక్కువ. అందువల్ల నల్ల సముద్రపు మట్టం మర్మరా మట్టం కన్నా సగటున ముప్ఫై సెంటీమీటర్ల మేర ఎత్తుగా ఉంటుంది. ఆ వాలు వెంట పైనీరు దక్షిణానికి దిగుతుంది. మామూలు రోజుల్లో మూడు నాలుగు నాట్ల వేగం (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), ఇరుకు మలుపుల్లో, ఉత్తరపు గాలి తోడైనప్పుడు ఏడెనిమిది నాట్ల దాకా పోతుంది.

కింద జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మధ్యధరా నుంచి మర్మరాలోకి చేరిన నీటిలో కిలోకు సుమారు 38 గ్రాముల ఉప్పు ఉంటే, నల్ల సముద్రపు పైనీటిలో 18 గ్రాములకు మించదు. ఉప్పునీరు బరువు, కనుక అది అడుగుకు చేరి, జలసంధి నేల వెంట ఉత్తరానికి పాకుతుంది. ఒకే దారిలో ఒకదాని మీద ఒకటి రెండు ప్రవాహాలు ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. ఏడాదికి పైన బయటకు పోయేది సుమారు 600 ఘన కిలోమీటర్లు, కింద లోపలికి వచ్చేది అందులో సగం.

ఈ సంగతి జాలర్లకు పండితుల కన్నా ముందే తెలుసు. వల లోతుకు దిగేసరికి ఎదురు దిశకు లాగుతుందని వారు చెప్పిన మాటను ఆరో శతాబ్దంలోనే ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు నమోదు చేశాడు. 1679లో ఇరవై ఒక్క ఏళ్ల ఇటలీ యువకుడు లూయిజీ ఫెర్డినాండో మార్సిలీ ఇస్తాంబుల్ చేరి, ఆ జాలర్ల మాటను పట్టుకుని పరీక్షకు దిగాడు. తాడుకు బరువు కట్టి, దాని పొడవునా తెల్లరంగు పూసిన బెండు ముక్కలు అమర్చి పడవ మీద నుంచి నీటిలోకి వదిలాడు. పైన ఉన్న ముక్కలు దక్షిణానికి తేలిపోతూ ఉండగా, తాడు ఇంకా దించేకొద్దీ కింది ముక్కలు ఉత్తరానికి తిరగడం అతను స్పష్టంగా చూశాడు. రెండు లోతుల నీటినీ తూచి బరువులో తేడా కనిపెట్టాడు. ఆ తరువాత ఒక తొట్టెను మధ్యలో పలకతో రెండు గదులుగా చేసి, ఒకవైపు బరువైన ఉప్పునీరు, రెండోవైపు తేలికైన నీరు పోసి, పలకకు పైనొకటి కిందొకటి రంధ్రాలు తెరిచాడు. బరువైన నీరు కింది రంధ్రం గుండా ఇటు, తేలిక నీరు పై రంధ్రం గుండా అటు కదిలాయి. 1681లో అతను ఈ ఫలితాలను రోమ్‌లో ప్రచురించాడు. గౌతమి గట్టు గారూ, ఈ ప్రయోగాన్ని మీ కళాశాల ప్రయోగశాలలో ఉప్పునీటితో, కాస్త రంగుతో పిల్లల చేత చేయించవచ్చు, ఖర్చు కూడా ఏమీ ఉండదు.

అడుగు ప్రవాహం వల్ల నల్ల సముద్రపు స్వభావమే మారిపోయింది. బరువైన ఉప్పునీరు అడుగున చేరి, తేలికైన నీరు పైన మూతలా నిలవడంతో రెండూ కలవవు. గాలి కిందికి చేరదు. 150 నుంచి 200 మీటర్ల లోతు దాటితే అక్కడ ప్రాణవాయువు లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ మాత్రమే ఉంటుంది. నల్ల సముద్రపు చేపలన్నీ ఆ పై పొరలోనే బతకాలి. బోనిటో, బ్లూఫిష్ వంటి చేపలు శరదృతువులో జలసంధి గుండా దక్షిణానికి వలస పోవడం, వాటి కోసం ఇస్తాంబుల్ జనం వంతెనల మీద గాలాలు పట్టుకుని బారులు తీరడం నేటికీ ఉంది.

నన్ను బాధపెట్టే సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇంత పెద్ద నగరం తన మురుగునీటిలో చాలా భాగాన్ని పైపైన శుద్ధి చేసి, అడుగు ప్రవాహం ఎలాగూ నల్ల సముద్రానికి మోసుకుపోతుందన్న లెక్కతో లోతులోకి వదులుతూ వచ్చింది. ఆ నీటిలో కొంత పై పొరతో కలిసి తిరిగి మర్మరాకే చేరుతుంది. 2021 వసంతంలో మర్మరా సముద్రం మీద జిగురులాంటి తెట్టు మైళ్ల కొద్దీ పరుచుకుని వలలన్నీ దానితో నిండిపోయాయి. పెరిగిన నీటి వేడితో పాటు చుట్టుపక్కల నగరాలు, పరిశ్రమలు వదిలిన వ్యర్థాలు దానికి కారణాలు.

సమాధానం 3: డెక్ మీది తెలుగువాడు

మాది విశాఖపట్నం. వాణిజ్య నౌకల్లో డెక్ అధికారిగా పనిచేస్తున్నాను. పైన ఇద్దరూ చెప్పిన ప్రవాహం ఓడ బ్రిడ్జి (ఓడను నడిపే పై గది) మీద నిలబడ్డవారికి ఎలా తగులుతుందో చెబుతాను.

నల్ల సముద్రం నుంచి సరుకుతో నిండి దక్షిణానికి వచ్చే ఓడకు ప్రవాహం వెనుక నుంచి తోస్తుంది. కొత్తవారు ఇది మేలని అనుకుంటారు. నిజానికి ఇదే ప్రమాదం. చుక్కాని పనిచేయాలంటే ఓడ నీటికన్నా వేగంగా కదలాలి. నీరే ఓడను మోసుకుపోతున్నప్పుడు ఒడ్డు వేగంగా దాటిపోతున్నట్టు కనిపిస్తుంది గానీ చుక్కానికి తగలవలసిన నీటి ఒత్తిడి అందదు. పైగా జలసంధిలో నేల మీద వేగం, అంటే ఒడ్డుతో పోల్చిన వేగం, పది నాట్లు మించకూడదన్న నియమం ఉంది. ఇలాంటి స్థితిలో పన్నెండు దాకా మలుపులు తిరగాలి. కందిల్లీ దగ్గర మలుపు 45 డిగ్రీలు, యెనికొయ్ దగ్గర 80 డిగ్రీలు. మలుపుకు అవతల ఎదురు వచ్చే ఓడ చివరి క్షణం దాకా కంటికి కనిపించదు.

కందిల్లీ మలుపులో బ్రిడ్జి మీద ఎవరూ మాట్లాడరు. ఈ జలాలు తెలిసి దారి చూపడానికి ఓడెక్కే నిపుణుణ్ని పైలట్ అంటారు; ఆయన చుక్కాని కోణం చెబుతాడు, చక్రం పట్టుకున్న నావికుడు ఆ మాటను గట్టిగా తిరిగి పలికి తిప్పుతాడు, ఓడ ముందుభాగం తిరగడం మొదలయ్యేదాకా అందరి చూపూ దిశ సూచించే అంకెల మీదే ఉంటుంది. ఓడ ముక్కు ప్రధాన ప్రవాహంలో ఉండి, వెనుక భాగం ఒడ్డు పక్క ఎదురు సుడిలో చిక్కితే, తిప్పని వైపుకు కూడా ఓడ తిరుగుతుంది. ఆ సమయంలో కిటికీలోంచి చూస్తే ఒడ్డున ఉన్న పాత చెక్క భవనాల బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు, రోడ్డు మీద కార్ల రంగులు తేటగా కనిపిస్తాయి. ఇంత దగ్గరగా ఇళ్ల మధ్య నుంచి ఇంత పెద్ద ఓడను నడపడం నేను మరెక్కడా చూడలేదు. వీటికి అడ్డంగా ఎమినోనూ, ఉస్కుదార్, కాదికొయ్, బెషిక్తాష్ రేవుల మధ్య ప్రయాణికుల ఫెర్రీలు రోజంతా దాటుతూనే ఉంటాయి. నైరుతి, దక్షిణం నుంచి లోదోస్ అనే గాలి బలంగా వీస్తే పైనీరు ఆగిపోయి, ఒక్కోసారి వెనక్కు తిరుగుతుంది కూడా, అప్పుడు తెలిసిన లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఆవిరి యంత్రాలు రాకముందు ఉత్తరానికి ఎదురీదడం ఎంత కష్టమో, ఆర్నావుత్‌కొయ్ దగ్గరి మొన చెబుతుంది. అక్కడ తెడ్లతో పడవ ముందుకు కదలక, ఒడ్డు మీది మనుషులు తాడు భుజాన వేసుకుని ఈడ్చేవారు. మన గోదావరి మీద గాలి లేనప్పుడు పడవను గట్టు మీద నుంచి తాడుతో లాగిన పద్ధతే అది.

ఏడాదికి సుమారు 40 వేల ఓడలు ఈ దారిన పోతాయి. పాతకాలంలో ప్రవాహాన్ని వాడుకోవడానికి వీలుగా ఓడలు ఎడమ పక్కన నడిచేవి. ప్రపంచమంతటా ఉన్న కుడిపక్క నియమం ఇక్కడ 1982లో గానీ రాలేదు. 1979 నవంబరు 15 తెల్లవారుజామున, దక్షిణ ముఖద్వారం వద్ద, లిబియా నుంచి ముడిచమురు తెస్తున్న రుమేనియా ట్యాంకర్ ఇండిపెండెంటాను గ్రీకు ఓడ ఎవ్రియాలీ ఢీకొంది. 43 మంది చనిపోయారు. పేలుడుకు నగరంలో కిటికీ అద్దాలు పగిలాయి, ఓడ వారాల తరబడి కాలుతూనే ఉంది. 1994 మార్చి 13న ఉత్తర ముఖద్వారం దగ్గర నాసియా అనే ట్యాంకర్‌ను మరో ఓడ ఢీకొని మళ్లీ అంతటి ఘోరం జరిగింది. ఆ ఏడాదే రాకపోకలను రెండు వరుసలుగా విడదీసే నిబంధనలు వచ్చాయి. 2003 చివర రాడార్లతో కూడిన పర్యవేక్షణ కేంద్రం పని మొదలుపెట్టింది. ఇప్పుడు 200 మీటర్లు దాటిన ఓడలు పగలే దాటాలి, పెద్ద ట్యాంకర్ వస్తూంటే ఎదురు రాకపోకలు ఆపేస్తారు, పొగమంచులో చూపు అర మైలుకు తగ్గితే జలసంధినే మూసేస్తారు.

ఇన్ని జాగ్రత్తలున్నా యంత్రం ఆగితే చేయగలిగింది తక్కువ. 2018 ఏప్రిల్ 7న 225 మీటర్ల వీటాస్పిరిట్ అనే ఓడ, రష్యా నుంచి ధాన్యం తెస్తూ, ఇంజను పట్టు తప్పి ఆసియా ఒడ్డున ఉన్న హెకింబాషీ సాలిహ్ ఎఫెందీ భవనంలోకి దూసుకుపోయింది. ఎవరూ చనిపోలేదు గానీ, ఒట్టోమన్ కాలం నాటి ఆ అపురూపమైన చెక్క భవనం ధ్వంసమైంది. ఆ దృశ్యం చూసిన నావికుడెవరికైనా కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే బ్రిడ్జి మీదివారు అప్పటికి చేతులు కట్టేసినట్టే ఉంటారు. జలసంధి దాటే ఓడకు పైలట్‌ను తీసుకోవడం నేటికీ తప్పనిసరి కాదు. గట్టిగా సలహా మాత్రం ఇస్తారు. నా దృష్టిలో పైలట్ లేకుండా ఈ దారిలో దిగడం తప్పు.

సమాధానం 4: కాకినాడ నూనె

పైలట్‌ను తప్పనిసరి చేయడానికి టర్కీకి ఎందుకు వీలుపడదో చెబితే గౌతమి గట్టు గారి రెండో ప్రశ్నకు జవాబు పూర్తవుతుంది. నేను వంటనూనెల దిగుమతి వ్యాపారంలో ఉన్నాను, కనుక ఈ జలసంధి వార్తలు నాకు రోజువారీ అవసరం.

1936 జులై 20న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో కుదిరిన ఒప్పందం ప్రకారం శాంతికాలంలో ఏ దేశపు వాణిజ్య నౌకకైనా, ఏ సరుకుతోనైనా, పగలూ రాత్రీ స్వేచ్ఛగా పోయే హక్కుంది. పైలట్, టగ్గు (ఓడను లాగి సాయపడే చిన్న పడవ) ఐచ్ఛికమని ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. దీపస్తంభాలు, ఆరోగ్య తనిఖీ, రక్షణ సేవలకు తప్ప వేరే సుంకం వసూలు చేయకూడదు. ఆ రుసుమును నలభై ఏళ్ల దాకా పాత లెక్కలోనే ఉంచి, 2022 అక్టోబరులో టర్కీ టన్నుకు నాలుగు డాలర్లకు, అంటే అయిదు రెట్లకు పెంచింది. ఇదంతా 1923 లోజాన్ సంధి తరువాతి మార్పు. ఆ సంధి జలసంధిని అంతర్జాతీయ కమిషన్ చేతిలో పెట్టి, ఒడ్డున టర్కీ సైన్యం ఉండకూడదంది. మాంట్రూలో టర్కీ సైన్యాన్ని తిరిగి నిలుపుకునే హక్కు సంపాదించి, బదులుగా వాణిజ్యానికి స్వేచ్ఛ ఇచ్చింది.

యుద్ధనౌకలకు లెక్క వేరు. నల్ల సముద్రపు ఒడ్డున లేని దేశాల యుద్ధనౌకలు అక్కడ 21 రోజులకు మించి ఉండకూడదు, వాటి మొత్తం బరువుకు కూడా పరిమితి ఉంది. యుద్ధం జరుగుతూ టర్కీ తటస్థంగా ఉంటే, పోరాడే దేశాల యుద్ధనౌకలను, సొంత స్థావరానికి తిరిగి వెళ్లేవి తప్ప, ఆపాలి. 2022 ఫిబ్రవరి చివర, ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన నాలుగైదు రోజులకే, టర్కీ ఈ నిబంధనను అమలులోకి తెచ్చింది. రష్యా మిగతా నౌకాదళాల నుంచి కొత్త ఓడలు నల్ల సముద్రానికి చేరలేకపోవడం ఆ యుద్ధం నడకనే మార్చింది.

విశాఖ మిత్రులు చెప్పని సంగతి ఒకటుంది. విశాఖ కేంద్రంగా ఏళ్ల తరబడి సేవ చేసిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్, దాని తోటి డిస్ట్రాయర్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో తయారైనవే. రాజ్‌పుత్ 1980లో జార్జియాలోని పోతీ రేవులో మన నౌకాదళంలో చేరి, ఈ జలసంధి గుండానే బయటి సముద్రానికి వచ్చి, 2021 మేలో విశాఖలో సేవ ముగించింది. మన తీరాన్ని కాచిన ఓడలు ఇస్తాంబుల్ ఇళ్ల మధ్య నుంచి నడిచి వచ్చాయి.

ఇక నా వ్యాపారం సంగతి. తెలుగు ఇళ్లలో ఎక్కువగా వాడే సన్‌ఫ్లవర్ నూనెలో చాలా భాగం దిగుమతే. యుద్ధానికి ముందు అందులో అత్యధిక భాగం ఉక్రెయిన్ నుంచి, ఆ తరువాత రష్యా నుంచి వచ్చేది. ఒదెసా నుంచి బయలుదేరినా నొవొరొసీస్క్ నుంచి బయలుదేరినా, ఓడ బోస్ఫరస్, డార్డనెల్స్, సూయెజ్ దాటి కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లోని శుద్ధి కర్మాగారాలకు చేరాలి. 2022 మార్చిలో ప్యాకెట్ ధర ఎలా ఎగిరిందో గృహిణులకు గుర్తుంటుంది. ఆ జులై 22న ఐక్యరాజ్యసమితి, టర్కీల చొరవతో ధాన్యపు ఒప్పందం కుదిరాక, ఉక్రెయిన్ రేవుల నుంచి వచ్చే ఓడలను నాలుగు పక్షాల తనిఖీ బృందాలు బోస్ఫరస్ దగ్గరే ఎక్కి చూసేవి. మొదటి ఓడ రజోనీ ఆగస్టు 1న ఒదెసా విడిచింది. 2023 జులైలో రష్యా తప్పుకునేదాకా దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల ధాన్యం, నూనెలు ఆ ఏర్పాటు కింద దాటాయి.

ఏథెన్స్ గోధుమ గురించి మాస్టారు రాసిన దానికి ఇది కొనసాగింపని నా అభిప్రాయం. ఉత్తరపు మైదానాల పంటను దక్షిణపు ఊళ్లకు చేర్చడమే ఈ జలసంధి పని, ఆనాటికీ ఈనాటికీ.

ప్రశ్న కొనసాగింపు: గౌతమి గట్టు

నలుగురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. తరగతిలో ఆ వాక్యాన్ని తేదీలతో సహా సరిదిద్ది చెబుతాను, ఉప్పునీటి ప్రయోగాన్ని మా భౌతికశాస్త్ర అధ్యాపకురాలితో కలిసి చేయిస్తాను. ఒక్క చిన్న సందేహం మిగిలింది. జలసంధికి పడమరగా టర్కీ తవ్వుతానంటున్న ఇస్తాంబుల్ కాలువ పూర్తయితే, ఓడలు బోస్ఫరస్‌ను విడిచి ఆ దారిన పోక తప్పదా?

సమాధానం 5: కాకినాడ నూనె

ఆ కాలువ ఆలోచనను 2011లో టర్కీ అప్పటి ప్రధాని ఎర్డోగాన్ ప్రకటించారు. సుమారు 45 కిలోమీటర్ల పొడవని ప్రణాళిక. 2021 జూన్‌లో కాలువ దారిలో రాబోయే ఒక వంతెనకు శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వందమందికి పైగా టర్కీ విశ్రాంత అడ్మిరల్స్ మాంట్రూ ఒప్పందాన్ని చర్చకు పెట్టవద్దని బహిరంగ ప్రకటన చేశారు. వాణిజ్య నౌకలకు బోస్ఫరస్‌లో స్వేచ్ఛగా, నామమాత్రపు రుసుముతో పోయే హక్కు ఉన్నంతకాలం, డబ్బు కట్టి కాలువలో పొమ్మని ఎవరినీ బలవంతం చేయడానికి వీలులేదు. మాంట్రూ ఒప్పందాన్ని ఎవరైనా రద్దు చేసుకున్నా, రాకపోకల స్వేచ్ఛ అన్న సూత్రానికి మాత్రం గడువు లేదని అందులోని 28వ అధికరణం చెబుతోంది. జలసంధి దగ్గర రోజుల తరబడి లంగరు వేసి వేచి ఉండే ఖర్చు కాలువ రుసుము కన్నా ఎక్కువైతే కొందరు యజమానులు తామే అటు పోవచ్చు, అది వ్యాపారపు లెక్క.

సమాధానం 6: కెరటాల లెక్క

దీనికి ఒక్క మాట కలుపుతాను. ప్రణాళికలోని కాలువ లోతు 21 మీటర్ల దగ్గరే. అంత తక్కువ లోతులో బోస్ఫరస్‌లో ఉన్నట్టు రెండు పొరలు సమంగా ఎదురెదురు నడవడానికి చోటుండదు, నల్ల సముద్రపు పైనీరు మాత్రం మరింతగా మర్మరాలోకి దిగుతుంది. ఆ నీటితో పాటు డాన్యూబ్ మోసుకొచ్చే ఎరువుల అవశేషాలు కూడా వస్తాయి. 2021 నాటి తెట్టు చూసిన తరువాత, టర్కీలోని సముద్ర శాస్త్రవేత్తల్లో అనేకులు ఈ ఒక్క కారణం చేతనే కాలువను వ్యతిరేకిస్తున్నారు, నేనూ వారితోనే ఏకీభవిస్తాను. పిల్లల చేత ప్రయోగం చేయించేటప్పుడు పలకలోని కింది రంధ్రం మూసి, పై రంధ్రం ఒక్కటే తెరిచి ఏం జరుగుతుందో కూడా చూపించండి.